జూదపురిలో చవుకబస
అమెరికాలోని నెవాడా రాష్ట్రమున 1931లో జూదము శాసనసమ్మతమైనది. అచటి లాస్ వేగాసు నగరమునకు బిడ్డలతో విహారార్థమేగు తల్లులకీ మాటలు.

‘స్ట్రిప్’ అను రాజవీథిలోని హర్మ్యములందు గదివెల స్వల్పముగ దోచినను, ‘రిసార్టు రుసుము’, కారు నిలుపు రుసుము చేరి భారమగును. కావున మొత్తము వెలను విచారించియే గది కుదుర్చుకొనవలెను. వీథికి దూరపు మోటెళ్లలో కారు సాధారణముగ గదివాకిటనే నిలుపవచ్చును. శుక్ర శనివారములును, మహాసభల దినములును విడిచినచో వెల తగ్గును. పైకము చెల్లించుటకు ముందు తలుపు గడియను, పరుపు అంచులలో నల్లులను, వేసవియైనచో శీతలయంత్రమును పరీక్షింపుడు.

జూదశాలలవారు చవుకగ నిచ్చు గది యెర. తగ్గించిన వెలను పాచికలయొద్ద రాబట్టుకొన జూతురు. నలుడు జూదమాడుచుండ దమయంతి బిడ్డలను ముందే పుట్టినింటికి బంపి కాపాడెను. మనమును బసపైకమును, తిరుగుప్రయాణపు పైకమును ముందే వేరుగ ముడివేసి యుంచుకొందముగాక!