పగడాల తొట్టెకు ఎంత వెలుతురు?



మా అమ్మ మెడలో నల్లపూసల మధ్య రెండు ఎర్రని పగడాలు ఉండేవి. చిన్నతనంలో అవి రాళ్లనుకొనేవాడిని. పగడమంటే రాయి కాదనీ, సముద్రంలో ఒక ప్రాణి కట్టుకొన్న గట్టి ఇల్లనీ నాకు అరవై ఎనిమిదేండ్ల వయస్సులో తెలిసింది. చెప్పినవాడు పద్నాలుగేండ్ల మా మనుమడు. ఆ సంగతితోపాటు నేను చేసిన ఒక పొరపాటును కూడా ఈ నెల మీతో చెప్పుకోవాలనుకొంటున్నాను.

పోయిన సంవత్సరం మూడు నెలలు అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలో ఉన్న మా అమ్మాయి ఇంట్లో గడిపాను. మనుమడి గదిలో రెండు మూరల పొడవు, మూర లోతు గల గాజు తొట్టె ఉన్నది. అందులో ఉప్పునీరు, నాలుగు చేపలు, రాళ్లమీద పువ్వులవలె ఊగే ప్రాణులు. అవే మెత్తని పగడాలు. వీటికి పగడపు దిబ్బలు కట్టే జాతులకున్నట్టు రాతి గూడు ఉండదు. ఒకటి పెద్ద పుట్టగొడుగు ఆకారంలో, ముట్టుకొంటే తోలువలె ఉంటుంది. దానిని లెదర్ కోరల్ అంటారు.

"ఇవి మొక్కలా బాబూ?" అని అడిగాను.

"కాదు తాతయ్యా, జంతువులే. కాని వీటి ఒంట్లో కంటికి కనబడనంత చిన్న నాచు కాపురముంటుంది. ఆ నాచు వెలుతురుతో చక్కెర తయారుచేసి పగడానికి పెడుతుంది. పగడం దానికి చోటు ఇస్తుంది," అన్నాడు.

అద్దెకున్నవాడు ఇంటి యజమానికి అన్నం పెట్టడం అన్నమాట! అందుచేత తొట్టెలో దీపము అలంకారం కోసం కాదు. అది ఆ ప్రాణులకు భోజనము.

కొన్నాళ్లకు మనుమడు బడి పిల్లలతో నాలుగు రోజులు క్యాంపుకు వెళ్లాడు. చేపలకు మేత వేయడం, ఆవిరైపోయినంత మంచినీరు పోయడం నాకు అప్పగించాడు. దీపము చూస్తే మసక నీలంగా ఉన్నది. పైనున్న మీట నూటికి ముప్ఫై దగ్గర ఉన్నది. 'పాపం, పిల్లవాడు కరెంటు బిల్లుకు భయపడి తగ్గించాడు కాబోలు. వెలుతురు ఎక్కువైతే ఇవి ఇంకా బాగా పెరుగుతాయి గదా' అనుకొని, మీటను చివరిదాకా త్రిప్పాను.

మూడవ రోజుకు లెదర్ కోరల్ ముడుచుకొని పోయింది. దాని గోధుమ రంగు వెలిసి, పాలిపోయింది. చిన్న పుట్టగొడుగు పగడము ఒకటి ఎండిన ఆకువలె చుట్టుకొన్నది. నేను భయపడి మీటను మరల ముప్ఫైకి తెచ్చి ఊరుకొన్నాను. మనుమడు వచ్చీ రాగానే తొట్టె దగ్గరకు పరుగెత్తాడు. "ఎవరైనా దీపము ముట్టుకొన్నారా?" అని అడిగాడు. మా అమ్మాయి, "లేదు నాన్నా, ఎవరూ ముట్టుకోలేదు," అన్నది. ఆమెకు తెలియదు. తెలిసినవాడిని నేనొక్కడినే. ఊరుకొంటే గడిచిపోయేదే. కాని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారగానే వాడిని పిలిచి, "నేనే బాబూ," అని చెప్పాను.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. ఆ తొట్టెకు రెండేండ్లుగా తన చేతిఖర్చు డబ్బులు దాచి పెట్టాడు మరి. సాయంత్రం ఊరిలోని చేపల పెంపకందారుల సంఘం నుండి వెలుతురు కొలిచే పరికరము ఎరువు తెచ్చి, "రా తాతయ్యా, చూపిస్తాను," అన్నాడు.

పార్ అనే కొలతలో, నడినెత్తిన సూర్యుడున్నప్పుడు మన ఎండ సుమారు 2000 ఉంటుంది. మెత్తని పగడాలలో ఎక్కువవాటికి 50 నుండి 150 చాలు. పుట్టగొడుగు పగడాలకు ఇంకా తక్కువైనా సరిపోతుంది. ముప్ఫై దగ్గర మీట ఉన్నప్పుడు లెదర్ కోరల్ చోట 90 చూపింది. నేను త్రిప్పినంత త్రిప్పితే 280 దాటింది. వెలుతురు మితిమీరితే నాచు తయారుచేసేది పగడానికి విషమవుతుంది. అప్పుడు పగడము నాచును బయటికి వెళ్లగొట్టి తెల్లబడుతుంది. నీరు వేడెక్కినా ఇంతే.

అప్పుడు నాకు సిగ్గనిపించింది. నలభై ఏండ్లు వ్యవసాయం చేసినవాడిని. నీడలో పెరిగిన మిరపనారును మిట్టమధ్యాహ్నం ఎండలో నాటితే ఏమవుతుందో తెలియనివాడినా? తమలపాకు తీగకు అవిశ చెట్ల నీడ ఎందుకు కావాలో ఎరుగనివాడినా? ఆ తెలివి గాజు తొట్టె దగ్గర పనికి రాకుండా పోయింది.

ఇక దీపము ఎన్నుకోవడం గురించి మనుమడు నేర్పినవి చెబుతాను. పట్నాలలో, పరదేశాలలో ఉన్న మీ పిల్లలకు ఉపయోగపడవచ్చు.

మొదటిది, రంగు. సముద్రపు నీరు ఎరుపు వెలుతురును పై కొద్ది మీటర్లలోనే మింగివేస్తుంది. లోతుకు దిగేది నీలమే. పగడాలలోని నాచు దానికే అలవాటుపడింది. అందుచేత నీలము, తెలుపు కలిసిన దీపము కావాలి. దుకాణాలవారు 10,000 నుండి 20,000 కెల్విన్ అని వ్రాసేది దీనినే.

రెండవది, బలము. దీపము పెట్టెమీది వాట్లు చూసి కొనవద్దు. పగడము కూర్చున్న చోట ఎంత వెలుతురు పడుతున్నదో చూడాలి. మూర లోతు తొట్టెలో పైరాతి మీద పడేది, అడుగున పడేది ఒకటి కావు. తగ్గించుకొనే మీట ఉన్న ఎల్.ఇ.డి. దీపము మంచిది.

మూడవది, వేళ. రోజుకు ఎనిమిది నుండి పది గంటలు చాలు. రాత్రి చీకటి కూడా వాటికి అవసరమే. టైమరు పెట్టుకొంటే మనం మరచినా అది మరువదు.

నాలుగవది, నిదానము. క్రొత్త పగడమును మొదట అడుగున ఉంచి, వెలుతురును మూడు నాలుగు వారాల మీద కొంచెం కొంచెంగా పెంచాలి. వెలుతురు చాలకపోతే అది మెడ చాచినట్టు పైకి సాగుతుంది, రంగు ముదురు గోధుమకు తిరుగుతుంది. ఎక్కువైతే ముడుచుకొని పాలిపోతుంది. అయితే లెదర్ కోరల్ అప్పుడప్పుడు కొన్నాళ్లు ముడుచుకొని, పైనున్న పలుచని పొర విడుస్తుంది. అది జబ్బు కాదు. కంగారుపడి దీపము మార్చకూడదు.

ఖర్చు సంగతి. 90 వాట్ల ఎల్.ఇ.డి. తొమ్మిది గంటలు వెలిగితే నెలకు సుమారు 24 యూనిట్లు. పాతకాలపు 250 వాట్ల మెటల్ హాలైడ్ దీపమైతే 67 దాటుతుంది, పైగా నీరు వేడెక్కుతుంది. ఇంతకూ ఈ దీపాలేవీ లేనప్పుడే ఇండోనేషియాలో లీ చిన్ ఎంగ్ అనే ఆయన సముద్రపు రాళ్లు, గాలి బుడగలు, పగటి వెలుతురుతో పగడాలను పెంచాడు. ఆయన పద్ధతి 1961లో ఒక అమెరికా పత్రికలో అచ్చయింది.

ఒక హెచ్చరిక. దుకాణంలో ముదురు నీలం దీపము క్రింద పచ్చగా, గులాబీగా మెరిసే పగడము, తెల్లని వెలుతురులో సాదాగా కనబడవచ్చు. తెల్లని దీపము వేయించి చూడండి. ఇంకొన్ని మెత్తని పగడాలు, డెండ్రోనెఫ్తియా వంటివి, ఎర్రగా, పసుప్పచ్చగా అందరికంటే అందంగా ఉంటాయి. వాటిలో నాచే ఉండదు. ఎంత ఖరీదైన దీపము పెట్టినా వాటికి ఆకలి తీరదు. నీటిలో సన్నని మేత ఎడతెగక అందాలి. క్రొత్తవారు వాటి జోలికి పోరాదు.

ఇల్లాండ్రకు ఒక మాట. జోయాంతిడ్ అనే గుండీలవంటి పగడాలలో కొన్నింటికి భయంకరమైన విషము ఉంటుంది. చేతొడుగులు లేక ముట్టరాదు. అవి అంటుకొన్న రాళ్లను వేడినీటిలో ఉడికించరాదు, ఆ ఆవిరి ప్రమాదకరము. ఉప్పునీటి దగ్గర కరెంటు తీగను ప్లగ్గు కంటే క్రిందికి వ్రేలాడేలా ఉంచండి. అప్పుడు నీరు తీగవెంట జారినా ప్లగ్గులోకి పోదు. మన దేశంలోనైతే రాతి పగడాలు, నల్ల పగడాలు, సముద్రపు విసనకర్రలు 2001 నుండి వన్యప్రాణి సంరక్షణ చట్టం క్రింద రక్షితాలు. సముద్రతీరం నుండి పెరికి తెచ్చుకోవడం నేరము.

చివరిగా మా అమ్మ పగడాల మాట. ఎర్ర పగడము ఈ మెత్తని పగడాలకు దగ్గరి చుట్టమేనట. రెంటికీ ఎనిమిదేసి వ్రేళ్లు. కాని అది మధ్యధరా సముద్రంలో గుహలలో, మసక చీకటిలో పెరుగుతుంది. దానికి నాచూ లేదు, దీపమూ అక్కరలేదు. ఒకే వంశంలో ఒకటి వెలుతురు తిని బ్రతుకుతుంది, ఇంకొకటి చీకటిలో ఎర్రబడుతుంది. ఎవరికి ఎంత కావాలో అడిగి తెలుసుకోకుండా మీట త్రిప్పరాదని నాకు బుద్ధి వచ్చింది.

లెదర్ కోరల్ కోలుకోవడానికి ఆరు వారాలు పట్టింది. చిన్న పుట్టగొడుగు పగడము మాత్రం తిరిగి రాలేదు. నేను బయలుదేరే ముందురోజు మనుమడు నన్ను తొట్టె దగ్గర నిలబెట్టి, "తాతయ్యా, ఈ వారం పెంచవలసింది అయిదే. నువ్వే త్రిప్పు," అన్నాడు. నా వ్రేలు వణికింది. అయిదు త్రిప్పి ఆపాను.