తాళం ఉంది.. చెవి ఎవరి చేతిలో?

కేబుల్ టీవీ వైరు వచ్చిన ఇంటికే ఇప్పుడు ఫైబర్ వైరూ వస్తోంది. బళ్లారి, హోసూరు, రాయగడ, సోలాపూర్, యానాం.. ఊరేదైనా ఇదే వరస. నెలకు కొన్ని వందలు కడితే చాలు, గోడకు ఓ డబ్బా బిగించి వెళ్తున్నారు. రెండు కొమ్ములు, నాలుగు లైట్లు. ఆ క్షణం నుంచి ఇంట్లో ప్రతి ఫోనుకూ ప్రపంచం తలుపు తెరుచుకున్నట్టే. ఆ తలుపుకు గడియ ఉందా అని అడిగేవాళ్లే తక్కువ.

గడియ ఉంది. దాని పేరు పేరెంటల్ కంట్రోల్. ఫలానా ఫోనుకు రాత్రి తొమ్మిది దాటితే నెట్ ఆపేయడం, పెద్దల సైట్లు, జూదం సైట్లు తెరుచుకోకుండా చేయడం.. ఇవన్నీ రౌటర్ చేయగలిగిన పనులే. కానీ చాలా ఇళ్లలో ఆ గడియను ఒక్కసారి కూడా వేసి చూడలేదు. డబ్బా బిగించిన కుర్రాడు చెప్పడు. మనం అడగం.

సరిహద్దు అవతల స్థిరపడిన మనవాళ్లకు ఇది మరీ అవసరం. హోసూరు సిప్‌కాట్‌లో భార్యాభర్తలిద్దరూ షిఫ్టుల్లో పనిచేసే ఇళ్లున్నాయి. సోలాపూర్‌లో తండ్రి మరమగ్గం దగ్గర, తల్లి బీడీల చాట ముందు. తోరణగల్లు ఉక్కు కర్మాగారానికి నైట్ డ్యూటీకి పోయేవాళ్లున్నారు. ఇంట్లో మిగిలేది పిల్లలు, నానమ్మ. ఫోన్‌లో ఏం కదులుతోందో ఆ పెద్దావిడకు తెలిసే దారి లేదు. మరి కాపలా ఎవరు?

కొనే ముందు ఒక్క మాట. అసలు కొనాల్సిన అవసరం ఉందో లేదో చూసుకోండి. ఇంట్లో ఉన్న డబ్బాను తిప్పి చూస్తే అడుగున చిన్న చీటీ అంటించి ఉంటుంది. లాగిన్ పేరు, పాస్‌వర్డ్ చాలావరకు అక్కడే ఉంటాయి. బ్రౌజర్‌లో 192.168.1.1 అనో, 192.168.0.1 అనో కొడితే సెట్టింగుల పేజీ వస్తుంది. అందులో పేరెంటల్ కంట్రోల్ ఉంటే పైసా ఖర్చు లేదు. చేయాల్సిన మొదటి పని ఆ పాస్‌వర్డ్ మార్చడం. చీటీ చదవడం మనకన్నా ముందు మన పిల్లలకే వచ్చు!

ఆ సౌకర్యం లేకపోతే వేరే రౌటర్ కొనుక్కోవచ్చు. రెండు వేల రూపాయల చుట్టుపక్కల మామూలు ఇంటికి సరిపోయేవి దొరుకుతున్నాయి. దాన్ని లాన్ కేబుల్‌తో ఫైబర్ డబ్బాకు కలపాలి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. పాత డబ్బా వైఫై ఆపకుండా వదిలేస్తే పిల్లలు కొత్తదాన్ని పట్టించుకోరు, పాత పేరు మీదే నెట్ నడుపుకొంటారు. పాతదాంట్లో వైఫై ఆపేశాకే కొత్తదానికి విలువ.

షాపులో స్పీడు లెక్కలు చాలా చెబుతారు. మీరు అడగాల్సినవి వేరు. ఒక్కో బిడ్డ పేరు మీద వేర్వేరు టైం పెట్టుకోవచ్చా? బడి రోజులకు ఒకటి, ఆదివారానికి ఒకటి కుదురుతుందా? ఈ సౌకర్యం ఎప్పటికీ ఉచితమా, కొన్నాళ్లయ్యాక చందా అడుగుతారా? కొన్ని కంపెనీలు మామూలు కంట్రోల్స్ ఉచితంగా ఇచ్చి, అసలైనవి చందాకు పెడుతున్నాయి. డబ్ల్యూపీఏ2 గానీ, డబ్ల్యూపీఏ3 గానీ భద్రత ఉందా? సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు వస్తాయా? ఇంకోటి. 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ గోడలు దాటి దూరం పోతుంది. 5 గిగాహెర్ట్జ్ వేగం ఎక్కువే గానీ గోడ అడ్డమొస్తే నీరసిస్తుంది. బళ్లారి రాతి గోడల పాత ఇళ్లకు రెండూ ఉన్నది తీసుకోవడం మేలు.

ఏదీ కొనలేని వాళ్లకూ ఓ దారుంది. రౌటర్‌లో డీఎన్ఎస్ అనే గడి ఉంటుంది. అక్కడ 1.1.1.3, 1.0.0.3 అని నింపితే పెద్దల సైట్లు, వైరస్ సైట్లు చాలావరకు తెరుచుకోవు. క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ 2020 నుంచి ఉచితంగా ఇస్తున్న ఏర్పాటు ఇది.

అయితే రౌటర్ పెట్టేశాం, ఇక నిశ్చింత అనుకుంటే పొరపాటు. అది ఇంటి వైఫైని మాత్రమే కాస్తుంది. ఫోన్‌లో సిమ్ ఉంటే మొబైల్ డేటా ఉన్నట్టే. 2016లో డేటా చవకైనప్పటి నుంచి ఈ పెరటి దారి ప్రతి ఇంట్లోనూ ఉంది. పైగా ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్లలో 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు వైఫైకి తమ అసలు చిరునామా చూపించడం మానేశాయి. మారు చిరునామాతో వస్తాయి. అది మారితే రౌటర్‌కు అదెవరో కొత్త ఫోనే. అందుకని పిల్లల ఫోన్‌లో ఇంటి వైఫై వరకు అసలు చిరునామానే వాడేలా సెట్ చేయాలి. వీపీఎన్, ప్రైవేట్ డీఎన్ఎస్ లాంటి సందులూ ఉన్నాయి. ఫోన్‌లోనూ కాపలా కావాలన్నది ఇందుకే. ఆండ్రాయిడ్‌కు గూగుల్ ఫ్యామిలీ లింక్, ఐఫోన్‌కు స్క్రీన్ టైం. రెండూ ఉచితమే.

మామూలు రౌటర్ ఫిల్టర్ సైటు పేరు చూస్తుంది తప్ప లోపలి సంగతి చూడలేదు. యూట్యూబ్‌ను మొత్తం ఆపగలదు, మొత్తం వదలగలదు. అందులో మంచి వీడియో ఏదో, చెడ్డ వీడియో ఏదో దానికి తెలియదు. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసే తెలుగు బూతు దానికి ఎలాగూ అర్థం కాదు.

మరి అన్నీ కట్టేద్దామా? మన పిల్లల విషయంలో అది ఇంకో నష్టం. తమిళనాడులో 2006 చట్టంతో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరైంది. బళ్లారి పిల్లలకు బడి కన్నడం, రాయగడ పిల్లలకు ఒడియా, సోలాపూర్ పిల్లలకు మరాఠీ. అక్కడి భాష నేర్చుకోవాల్సిందే, అందులో తప్పు లేదు. కానీ ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకు తెలుగు అక్షరం, తెలుగు కథ, తెలుగు పద్యం దొరుకుతున్న చోటు ఇప్పుడు చాలావరకు ఆ ఫోనే. జూదాన్ని ఆపబోయి తెలుగునూ ఆపేస్తే ఏం లాభం? ఆపాల్సినవి ఆపి, చూడాల్సినవి పక్కన కూర్చుని చూపించాలి. అంతే తేడా.

చట్టాలు లేకపోలేదు. డబ్బు పందెం ఆన్‌లైన్ ఆటలను కేంద్రం 2025 ఆగస్టులో చట్టం చేసి నిషేధించింది. 2023 నాటి డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వాళ్లను పిల్లలుగానే లెక్కగట్టి, వాళ్ల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలంది. దాని నిబంధనలు 2025 నవంబర్‌లో వచ్చాయి. మంచిదే. కానీ రాత్రి పదింటికి మన ఇంటి హాల్లో చట్టం కూర్చోదు.

అందుకే కొన్ని పనులు ఇక్కడే, మన ఊళ్లోనే జరగాలి. కనెక్షన్ ఇచ్చే ఆపరేటర్లు డబ్బా బిగించిన రోజే పాస్‌వర్డ్ చేతికిచ్చి, పేరెంటల్ కంట్రోల్ ఎక్కడుందో చూపించి వెళ్లాలి. పది నిమిషాల పని. కంపెనీలు ఆ పేజీలను తెలుగు, కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీల్లో ఇవ్వాలి. సరుకు అమ్మడానికి మన భాష పనికొచ్చినప్పుడు సెట్టింగులకు ఎందుకు పనికిరాదు? ఉగాదికి, సంక్రాంతికి వేదికలు కట్టే తెలుగు సంఘాలు ఏదో ఒక ఆదివారం ఈ పని నేర్పే శిబిరం పెట్టొచ్చు. నేర్పేందుకు ఇంజినీరింగ్ చదివే మన పిల్లలే చాలు.

ఇక ఇంట్లో. ఎదిగిన పిల్లలకు చెప్పకుండా చాటుగా నిఘా పెట్టకండి. ఏది ఆపుతున్నామో, ఎందుకు ఆపుతున్నామో ఎదురుగా కూర్చోబెట్టి చెప్పండి. ఆ రూలు పెద్దలకూ వర్తించాలి. అన్నం తినేటప్పుడు నాన్న ఫోన్ చూస్తూ కొడుకు ఫోన్ లాక్కుంటే ఏ రౌటరూ కాపాడలేదు. ఈ రాత్రికి మొదటి పని మాత్రం చేయండి. గోడ మీది డబ్బా తిప్పి అడుగున చీటీ చదవండి. పాస్‌వర్డ్ మార్చండి.