పడకముందే చూసుకోవాలె

బీదర్ పాత ఊరిలో మనవాళ్లు ఉండే ఇండ్లు చానా వరకు రాయి, మట్టి గోడలవే. గోడ ఉబ్బుతది, కప్పు కురుస్తది. బాగు చేసుకుందామంటే పురాతత్వ శాఖ ఒప్పుకోదని భయం. ఊకుంటే మున్సిపాలిటీ నోటీసు. ఈ రెండింటి నడుమ ఇల్లు నానుతా ఉంటది.

రెండు చట్టాలూ తెలుసుకోవాలె. 1964 నాటి కర్ణాటక మున్సిపాలిటీల చట్టం ప్రకారం కూలేటట్టున్న ఇంటిని బాగు చేయమని గాని, తీసేయమని గాని నోటీసు ఇయ్యొచ్చు. ఇంకోటి కేంద్రం 2010లో సవరించిన పురాతన కట్టడాల చట్టం. కోట, గవాన్ మదర్సా వంటి రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల లోపల కొత్త ఇల్లు కట్టొద్దు. ఆ తర్వాత ఇంకో 200 మీటర్ల దాక అనుమతితో కట్టుకోవచ్చు. అనుమతి లేకుండ కడితే రెండేండ్ల దాక జైలు, లేదా లక్ష రూపాయల దాక జరిమానా, లేదా రెండూ.

అసలు సంగతి ఇది. 100 మీటర్ల లోపల ఉన్నా, 1992 జూన్ 16కు ముందు నుంచి ఉన్న ఇంటికి మరమ్మతు చేసుకునే అనుమతి అడగొచ్చు. కాని పడిపోయిన ఇంటిని మళ్లీ కట్టుకునే దారి చట్టం అక్కడ ఇయ్యలేదు. ఇల్లు నిలబడి ఉన్నంత వరకే మనకు హక్కు. నోటీసు చూసి భయపడి తొందరపడి కూల్చేస్తే జాగ ఉత్తగ మిగులుతది. 1472లో కట్టిన గవాన్ మదర్సానే చూడండి. 1696లో లోపల దాచిన మందుగుండు పేలి కూలిన మినారు మళ్లీ లేవలేదు, నిలిచిన మినారు మాత్రం ఇప్పటికీ ఉంది.

దరఖాస్తు ఇల్లుగలాయన పెట్టాలె. కిరాయికి ఉన్నోళ్లు ఫోటోలు తీసి ఆయనకు పంపి, ఎంబడి పడి పెట్టించాలె. ఇంటి కాగితాలు, 1992కు ముందటి పన్ను రసీదులు, కరెంటు బిల్లులు ఎతికి పెట్టుకోండి.

దరఖాస్తు పై అధికార సంస్థకు పంపను 15 దినాలు, వాళ్లు చూసి చెప్పను రెండు నెలలు, ఆఖరి జవాబుకు ఇంకో నెల అని చట్టంలోనే గడువు రాసి ఉంది. మొత్తం మూడున్నర నెలలు. సంక్రాంతి కాంగనే పెడితే మృగశిర లోపల కప్పు వేసుకునే టైము దొరుకుతది. తీసుకున్నట్టు ముద్ర వేసిన నకలు అడిగి తెచ్చుకోండి. రేపు నోటీసు వస్తే చూపించను అదే మన చేతిల ఉండే కాగితం.