నాలుగున్నర వేలు మిగులుతుందట!

ఈసారి కొంచెం పొడుగ్గా రాస్తున్నాం, ఓపిగ్గా చదవండి. మేము ముగ్గురం రైల్వేలో క్లర్కులుగా చేసి రిటైరైనవాళ్లం. రాసేది ఒకరు, లెక్క ముగ్గురిదీ. తమిళ మీడియంలో చదువుకున్నవాళ్లం కాబట్టి మా తెలుగు ఇంట్లో మాట్లాడుకునేటట్టే ఉంటుంది.

పోయిన నెల సంఘం కూటంలో కల్యాణ మండపానికి ఏసీ హాలు కట్టాలని తీర్మానం పెట్టారు. ప్రతి కుటుంబమూ నెలకు 500 చొప్పున మూడేళ్లు కట్టాలి. అంటే ఇంటికి 18,000. కట్టనివాళ్లకు మండపం అద్దెలో రాయితీ లేదు, పైగా వాళ్ల పేర్లు నోటీసు బోర్డు మీద వేస్తారట. "అందరూ కట్టగలరా?" అని వెనక వరుసలోంచి ఒక తమ్ముడు అడిగాడు. దానికి వేదిక మీదనుంచి వచ్చిన జవాబు: "నెల బిల్లులన్నీ పోగా ఏ ఇంట్లో అయినా నాలుగు, నాలుగున్నర వేలు మిగులుతుంది. అందులో 500 ఒక లెక్కా?"

ఆ మాటకు హాల్లో సగం మంది చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టినవాళ్లలో ఎక్కువమంది మాలాంటివాళ్లే. పెన్షన్ వస్తుంది, ఏడాదికి రెండుసార్లు డీఏ పెరుగుతుంది, సొంత ఇల్లు ఉంది, పిల్లల చదువులూ పెళ్లిళ్లూ అయిపోయాయి. మాకు మిగులుతుంది, నిజమే. మన ఇంట్లో మిగిలిందని సింగానల్లూరులో అద్దె ఇంట్లో ఉన్న లేతు కార్మికుడి ఇంట్లోనూ మిగులుతుందనడం ఏ లెక్క?

సరే, లెక్కే వేద్దాం. ఎవరి ఇల్లూ కాదు, మన కోయంబత్తూరులో వీధికి పది కనిపించే ఇల్లు. భర్త లేతు పట్టరలో ఓటీతో కలిపి 22,000 తెస్తాడు. భార్య బట్టల షాపులో సగం రోజు పనికి 8,000. మొత్తం 30,000. ఇద్దరు పిల్లలు. అద్దె 8,000. మళిగె సామాను, పాలు, కూరగాయలు 9,500. గ్యాసు 900. స్కూలు వ్యాను 1,500. ఫోన్లు, కేబులు 900. పెట్రోలు 1,800. బండి డ్యూ 2,900. కూడితే 25,500. మిగిలింది సరిగ్గా 4,500. చూశారా, వేదిక మీద అన్నది నిజమే కదా అంటారు.

ఆగండి. ఇందులో కరెంటు బిల్లు ఎక్కడుంది? తమిళనాడులో ఈబీ బిల్లు రెండు నెలలకు ఒకసారి వస్తుంది. మొదటి 100 యూనిట్లు ఫ్రీ, కానీ 500 దాటితే కింది రేటే మారిపోతుంది. అందుకే ఎండాకాలంలో ఆడవాళ్లు మీటరు దగ్గరికి పోయి చూసి వస్తుంటారు. బిల్లు లేని నెలలో చేతిలో డబ్బు ఉన్నట్టు కనిపిస్తుంది. అది వచ్చే నెల డబ్బు. మిగులు కాదు.

స్కూలు ఫీజు? జూన్‌లో వస్తుంది. దీపావళి? ఐప్పసిలో వస్తుంది. బండి ఇన్సూరెన్సు ఏడాదికొకసారి. జ్వరం ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసు? ఇవేవీ "నెల బిల్లు" కాదు, కాబట్టి వేదిక మీది లెక్కలో లేవు. ఏడాది మొత్తానికి ఈ ఇంటికే వేసి చూశాం. ఈబీ ఆరు బిల్లులు 7,200. ఇద్దరి ఫీజు, పుస్తకాలు, యూనిఫారం 45,000 (పెద్ద స్కూలు కాదు, మామూలు మెట్రిక్యులేషన్). దీపావళి గుడ్డలు, పలహారం 12,000. మందూ ఆస్పత్రీ 12,000. ఎల్ఐసీ 6,000. బండి ఇన్సూరెన్సు, టైరు, సర్వీసు 4,000. మొయ్ 15,000. మొత్తం 1,01,200. నెలకు 4,500 చొప్పున పన్నెండు నెలలు మిగిలించినా చేతికి వచ్చేది 54,000. ఏడాదికి 47,200 తక్కువ పడింది. పట్టర బాగా నడిచి దీపావళికి ఒక నెల జీతం బోనస్ ఇచ్చినా ఇంకా 25,200 లోటు. బియ్యం రేషన్‌లో ఉచితం, 2021 నుంచి ఆడవాళ్లకు టౌన్ బస్సు ఉచితం. ఆ రెండూ లేకపోతే ఈ లోటు ఇంకా పెద్దది.

ఈ లోటు ఎలా పూడుతుంది? జూన్‌లో గొలుసు అడవుకు పోతుంది. ఏడాది తిరిగాక వడ్డీ కట్టి మళ్లీ అదే గొలుసు పెడతారు. ఒక చేతి గాజు ఎనిమిదేళ్లుగా బ్యాంకులోనే ఉన్న ఇళ్లు మాకు తెలుసు. లేదంటే కుళు లోను. వారం వారం డ్యూ. రిజర్వు బ్యాంకు 2022లో పెట్టిన నిబంధన ఒకటి వినండి: ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయం ఉన్న ఇంట్లో, అన్ని అప్పుల కంతులూ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. సగం! అంటే సగం దాకా పోవచ్చని అర్థం. ఆ మిగతా సగంలో అద్దె కట్టి, తిని, ఫీజు కట్టాలి.

ఇంకొకటి. ఈ ఇంటి అక్కకు కలైజ్ఞర్ మగళిర్ ఉరిమై తొగై వెయ్యి రూపాయలు రాదు. ఏడాది ఆదాయం రెండున్నర లక్షలు దాటకూడదని షరతు. వీళ్లది 3,60,000. సర్కారు లెక్కలో వీళ్లు ఉన్నవాళ్లు. ఇప్పుడు సంఘం లెక్కలోనూ ఉన్నవాళ్లే. గొలుసు ఎక్కడుందో మాత్రం ఎవరూ అడగరు.

మేము పే బిల్లు సెక్షన్లో ఏళ్ల తరబడి కూర్చున్నాం. గ్రాసు చూసి పిల్లనిచ్చేవాళ్లు, నెట్ చూసి ఆ పిల్ల ఏడ్చేది. సొసైటీ లోను, పీఎఫ్ అడ్వాన్సు, పండగ అడ్వాన్సు, అన్నీ పోగా చేతికి వచ్చేది ఎంతో ఆ క్లర్కుకీ ఆ మనిషికీ మాత్రమే తెలుసు. రోడ్డు మీద చూస్తే అందరూ రైల్వే ఉద్యోగులే, ఒకే రకం ధీమా. అందుకే బయటనుంచి చూసి ఒకరి ఇంట్లో ఎంత మిగులుతుందో చెప్పేవాళ్ల మీద మాకు ఎప్పుడూ నమ్మకం లేదు.

"ఫోను ఈఎంఐలో కొంటారు, ఆదివారం బిర్యానీ తింటారు, అందుకే మిగలదు" అని ఒక పెద్దాయన అన్నారు. అయ్యా, పైన మేము వేసిన లెక్కలో బిర్యానీ లేదు, కొత్త ఫోనూ లేదు. అవి లేకుండానే 25,200 లోటు. దేశం మొత్తంలోనే ఇళ్ల నికర ఆర్థిక పొదుపు 2020-21లో జీడీపీలో 11 శాతం పైన ఉండేది, రెండేళ్లలో 5 శాతం దగ్గరికి పడిపోయిందని రిజర్వు బ్యాంకు లెక్కలే చెప్పాయి. దేశమంతా ఒక్కసారిగా బిర్యానీ తినడం మొదలుపెట్టిందా?

ఇక మొయ్ సంగతి. ఇది చెబితే కొందరికి కోపం వస్తుంది, రానీయండి. మొయ్ కానుక కాదు, అప్పు. నోటులో పేరు, ఊరు, మొత్తం రాసి పెట్టుకుంటాం. వాళ్లు మనకు 500 పెట్టి ఉంటే, వాళ్ల ఇంటి విశేషానికి మనం వెయ్యి పెట్టాలి. పాలకాయో అద్దెకో డబ్బు లేదని ఆగవచ్చు, మొయ్ ఆపలేం. చెవులు కుట్టడం, మంజల్ నీరాట్టు, గృహప్రవేశం, అరవైయో పెళ్లి, అన్నిటికీ పత్రిక వస్తుంది. ఏసీ హాలు వస్తే ఏమవుతుంది? ఇప్పుడు ఇంటి ముందు పందిరి వేసి చేసే చెవుల విశేషం కూడా హాలుకు ఎక్కుతుంది. హాలు అద్దె ఎక్కువ, భోజనం ఎక్కువ, కాబట్టి మొయ్ కూడా పెరగాలి. 500 వసూలు చేసి, ఇంకో వెయ్యి ఖర్చు మన చేతులతోనే మన తమ్ముళ్ల నెత్తిన పెడుతున్నాం.

నోటీసు బోర్డు విషయానికి మాత్రం మేము అస్సలు ఒప్పుకోం. మన దాంట్లో సంబంధం చూసేవాళ్లు మొదట అడిగేది సంఘంలో ఎవరినైనా. బోర్డు మీద పేరు పడిన ఇంటి ఆడపిల్లకు సంబంధం చూడవస్తే, "వాళ్లా, చందా కూడా కట్టలేదు" అనే ఒక్క మాట చాలు. తాతల కాలంలో ఊరు వదిలి ఇక్కడికి వచ్చినవాళ్లకు ఒకరికొకరు తోడుగా ఉండాలనే ఈ సంఘం పెట్టుకున్నాం. ఉన్నవాడి పేరు చలవరాయి మీద, లేనివాడి పేరు నోటీసు బోర్డు మీద రాయడానికి కాదు.

హాలు వద్దని మేము అనడం లేదు. ఇవ్వగలిగినవాళ్లు ఇవ్వండి, మేము ముగ్గురమూ మా వంతు ఇస్తాం. పెన్షన్ వచ్చేవాళ్లు, మిల్లు, పంపు ఫ్యాక్టరీ ఉన్నవాళ్లు ముందుకు రండి. నిర్బంధం మాత్రం తీసేయండి. ఇంకో మాట: సంఘం పేరున బ్యాంకులో ఉన్న డిపాజిట్ వడ్డీని జూన్ నెలలో ఫీజుకు చేబదులుగా ఇవ్వండి, వడ్డీ లేకుండా, పది కంతుల్లో తిరిగి కట్టేలా. ఎంతమందికి సరిపోతే అంతమందికే. ఎవరు తీసుకున్నారో కార్యదర్శికి, కోశాధికారికి తప్ప తెలియకూడదు.

వచ్చే కూటంలో ఈ తీర్మానం మళ్లీ ఓటుకు పెట్టాలని కాగితం ఇస్తున్నాం. చెయ్యి ఎత్తే ఓటు కాదు, చీటీ ఓటు కావాలి. చెయ్యి ఎత్తమంటే లేనివాడు కూడా సిగ్గుపడి ఎత్తేస్తాడు. ఆ రోజు అన్నలతోపాటు అక్కలు, చెల్లెళ్లు కూడా రావాలి. ఇంటి డబ్బు పట్టేది వాళ్లు, వేదిక మీద మాత్రం ఒక్కరూ లేరు. వచ్చేటప్పుడు పోయిన జూన్ నెల ఖర్చు రాసిన నోటు ఉంటే తీసుకురండి.