తుపాను తీరము దాటినదా?

ఆశ్వయుజ కార్తిక మాసములు వచ్చినవన్న మన పత్రికలలో నొక వాక్యము తప్పక కన్పట్టును: "తుపాను తీరము దాటినది." ఆ వాక్యము చదివిన పాఠకుడు గండము గడచినదని తలచి పత్రిక మడచిపెట్టును. ఆ తలంపు తప్పు. కాని తప్పు పాఠకునిది గాదు, మాటది. ఆంగ్లమున "ల్యాండ్‌ఫాల్" అను పదమునకు మనవారు కల్పించిన యీ తెలుగు, ప్రాణములతో ముడిపడిన విషయమున, ఉన్న యర్థమునకు విరుద్ధమైన యర్థమును జనుల చెవిని వేయుచున్నది.

ఆ యాంగ్లపదము పుట్టుకచే ఓడవారిది. బహుదినములు నీటిపై తేలిన నావికునకు మొట్టమొదట భూమి కానవచ్చుటయే ల్యాండ్‌ఫాల్. లెక్కవేసిన చోట, లెక్కవేసిన వేళకు నేల కన్పడినచో మంచి ల్యాండ్‌ఫాల్ అనెడివారు. 1755లో వెలువడిన జాన్సను నిఘంటువులో నీ పదమునకు వేఱొక యర్థము చెప్పబడినది: ధనికుడొకడు మరణింపగా వాని భూమి హఠాత్తుగా మఱియొకనికి సంక్రమించుట. తరువాతి కాలమున వాతావరణ శాస్త్రజ్ఞులు ఈ పదమునే గైకొని, తుపాను కేంద్రము సముద్రమును విడిచి తీరరేఖను చేరుటకు పేరుగా వాడిరి. ఓడకు తీరము యాత్రాంతము. తుపానునకు తీరము నేలమీది యాత్రకు ప్రారంభము. ఆంగ్లపదములో "దాటుట" లేదు గనుక ఈ మార్పు దానిలో నిమిడినది. మన మాటలో దాటుటయే ప్రధానము.

తెలుగున దాటుట యనగా ముగియుట. గండము దాటినది, గడువు దాటినది అందుము. "ఏరు దాటువఱకు ఓడమల్లయ్య, ఏరు దాటినపిదప బోడిమల్లయ్య" అను సామెత పుట్టిన భాష మనది. దరిజేరుట, ఒడ్డెక్కుట, గట్టెక్కుట - ఈ మాటలన్నిటను తీరమనగా రక్షణమే. అట్టి భాషలో తుపాను తీరము దాటినదన్నచో వినువాడు తలుపు తీసి బయటికి రాక యేమి చేయును?

1977 నవంబరు 19వ తేదీని స్మరింపుడు. నాటి పెనుతుపాను కేంద్రము చీరాల సమీపమున నేలమీదికి వచ్చినది. కాని ఉప్పెన ఊళ్లకూళ్లను తుడిచిపెట్టినది చీరాలలో గాదు, ఆవల ఈశాన్యమున కృష్ణానది ముఖమందలి దివిసీమలో. చనిపోయినవారు 10,000కు తక్కువ గారు. కారణము స్పష్టము. మన యర్ధగోళమున తుపాను గాలులు గడియారపు ముల్లునకు ఎదురుదిక్కున తిరుగును. అందుచే తూర్పుతీరమున కేంద్రమునకు కుడివైపు గాలి సముద్రమును నేలమీదికి నెట్టును. ఎడమవైపు గాలి నేలనుండి సముద్రమునకు వీచును. ఫలానా యూరివద్ద దాటునని మాత్రము చెప్పినచో, ఆ యూరికి కుడివైపు నున్న పల్లెవాడు తనకు భయము లేదనుకొనును. నిజమునకు మొదట భయపడవలసినవాడు వాడే.

ఇంకొక మోసము గలదు. తీవ్రమైన తుపానునకు నడుమ కన్ను వంటి ప్రదేశ మొకటి యుండును. అది పైకి వచ్చినప్పుడు గాలి నిలిచిపోవును, కొన్ని వేళల ఆకాశమును తేటపడును. కొంత సేపటికి వెనుకటి గాలి వ్యతిరేకదిక్కునుండి విరుచుకొని పడును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కేంద్రము విశాఖపట్టణము మీదుగానే వచ్చినది. కేంద్రము తీరమును చేరిన క్షణమున ప్రమాదము సగపాలు మిగిలియే యున్నది. అట్టి క్షణమునకు మనము పెట్టిన పేరు "దాటుట"!

సముద్రమును చూడని కవాడిగూడ వాసికి ఈ చర్చతో పనియేమని కొందఱు అడుగవచ్చును. 2020 అక్టోబరు 13వ తేదీ ఉదయమున తీవ్రవాయుగుండమొకటి కాకినాడ సమీపమున "తీరము దాటినది." అది తుపాను గూడ గాదు. కాకినాడ మనకు సుమారు 400 కిలోమీటర్ల దూరము. నాటి రాత్రికే హైదరాబాదు నీట మునిగినది. ఒక దినములో బేగంపేటలో సుమారు 19 సెంటీమీటర్లును, ఘట్‌కేసర్ ప్రాంతమున 32 సెంటీమీటర్లును వర్షము కురిసినది. హుసేన్ సాగరము నిండినచో దాని మిగులునీరు కవాడిగూడ, అశోక్ నగరముల మీదుగా పోవు నాలా గుండనే మూసీని చేరవలెను. కట్టక్రింద కాపురమున్నవారికి తీరవార్త ఇంటివార్తయే. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురము చెంత నేలను చేరగా, మరునాడు జలమయమైనవి వరంగల్లు, హనుమకొండలు.

"తీరము దాటుట" వాడుకలో స్థిరపడినది, దానిని కదల్పనేల యను వాదము గలదు. వాడుక బలమైనదే. వాతావరణ శాఖవారు నేడు తీరము దాటు ప్రక్రియ మొదలైనదనియు, అది కొన్ని గంటలు సాగుననియు చెప్పుచున్నారు, అది మెచ్చదగినదే. కాని ఆ వివరణము శీర్షికల కెక్కదు. శీర్షికలో మిగులునది "దాటినది" అను నొక్క మాట. వివరణముచే సవరింపవలసిన మాటకంటె, సవరణ యక్కఱలేని మాట మేలు.

మాటలకు మనకు కొదవ లేదు. సముద్రము పొంగి నేలమీద పడుటకు ఆంగ్లేయులు రెండు పదములు కూర్పవలసి వచ్చినది. మనకు "ఉప్పెన" అను నొక్క మాట చాలినది. 1864 నవంబరు 1న బందరును ముంచి సుమారు 30,000 మందిని పొట్టబెట్టుకొన్న విపత్తునకు వేఱొక పేరు వెదుక నక్కఱలేకపోయెను. అట్లే "తుపాను నేలను జొచ్చినది" అనుడు; వ్యవహారమున "లోనికి చొరబడినది" అనుడు. చొరబడినవాడు ఇంకను లోపలనే యున్నాడని పసివానికిని తెలియును.

పత్రికలవారిని, ఆకాశవాణివారిని మేము కోరునది స్వల్పము. తుపాను నేలను జొచ్చెనని చెప్పుడు. ఉప్పెన ఏ వైపున రానున్నదో, లోపలి జిల్లాలలో వాన ఎన్నాళ్లు కురియగలదో ఆ వార్తలోనే, ఆ శీర్షిక క్రిందనే తెల్పుడు. "దాటినది" అను మాటను, గాలియు వానయు ఉప్పెనయు అణగి, నాలాలలో నీరు తీసిన దినమున వాడుకొందము.