చక్రం కింది నేలకు లెక్క: ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల రైతుల ప్రణాళిక

2015 ఫిబ్రవరి 19న రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్‌లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డు పథకం నేలను 12 అంశాల్లో పరీక్షిస్తుంది. నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, పీహెచ్, లవణాలను తెలిపే ఈసీ, సేంద్రియ కర్బనం. నేల ఎంత అణిగిపోయిందో చెప్పే గడి మాత్రం ఆ కార్డులో లేదు. యూరియా ఎంత వేయాలో కార్డు చెబుతుంది. ఆ యూరియా కరిగిన నీళ్లు వేరు దాకా దిగుతాయో లేదో చెప్పదు.

ఈ ప్రణాళిక ఆ పదమూడో గడి కోసం. కడప జిల్లాలో కర్నూలు-కడప (కేసీ) కాలవ కింద వరి పెట్టేవాళ్లు, జమ్మలమడుగు నల్లరేగడిలో శనగ వేసేవాళ్లు, పులివెందుల వైపు చీనీ తోటలున్నవాళ్లు దీనికి కట్టుబడతారు. వీళ్లు యంత్రాలకు ఎదురు నిలిచే మనుషులు కారు. మడకా ఎద్దులూ మళ్లీ రావాలని కోరడం లేదు, వస్తాయనీ అనుకోవడం లేదు. రెండు టన్నుల ట్రాక్టరు, ఏడెనిమిది టన్నుల కోతమిషన్ పొలంలోకి దిగినప్పుడు నేలకు ఏమైందో లెక్క ఉండాలన్నదే వీళ్ల మాట.

ఈ లెక్క మొదటగా కట్టినవాళ్లలో అడవుల శాస్త్రవేత్తలు ఉన్నారు. యూరప్, ఉత్తర అమెరికాల్లోని పైన్, ఫర్ అడవుల్లో చెట్లు ఒత్తుగా పెరిగితే కొన్నిటిని యంత్రాలతో నరికి పలచన చేస్తారు. ఆ యంత్రాల బరువుకు నేల ఎంత దిగిందో దశాబ్దాలుగా కొలుస్తున్నారు. నష్టంలో ఎక్కువ భాగం చక్రం మొదటి కొన్నిసార్లు నడిచినప్పుడే జరిగిపోతుందని తేలింది. అందుకే జర్మనీలో యంత్రాలకు 20 నుంచి 40 మీటర్ల ఎడంతో దారులు కేటాయించి, వాటిని దాటనివ్వరు. నరికిన కొమ్మలనే చక్రాల ముందు పరుస్తారు. కడప జిల్లాలో అలాంటి అడవులు లేవు. పాలకొండల్లో, లంకమలలో పెరిగేది ఎర్రచందనం. అయినా ఆ పద్ధతి రేగడికి పనికొస్తుంది.

అమెరికాలో 1989లో మొదలై కెనడాకూ విస్తరించిన దీర్ఘకాల అటవీ నేలల పరిశోధనలో ఒక సంగతి ఈ రైతులను ఆలోచింపజేస్తుంది. కావాలనే నేలను అణగదొక్కి చెట్లు పెంచి చూస్తే, పదేళ్ల తర్వాత బంకమట్టి నేలల్లో ఎదుగుదల తగ్గింది. ఇసుక నేలల్లో మాత్రం పెరిగింది, ఎందుకంటే ఖాళీలు చిన్నవై నీళ్లు నిలిచాయి. కాబట్టి అణిగిన ప్రతి నేలా చెడినట్టు కాదు. మన రేగడి బంకమట్టే కదా, ఇక చూడాల్సిందేముంది అని ఎవరైనా అనవచ్చు. ఆ తొందరపాటు ఈ ప్రణాళికకు సరిపడదు. ఒకే ఊళ్లో నల్లనేల పక్కనే ఎర్రనేల, దాని పక్కన సుద్దనేల ఉండే ప్రాంతం ఇది.

కొలతకు పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. రోడ్డు కట్టలు సరిగ్గా గట్టిపడ్డాయో లేదో చూడడానికి ఇంజనీర్లు కోర్ కట్టర్ అనే ఉక్కు గొట్టం వాడతారు. 10 సెంటీమీటర్ల వ్యాసం, 13 సెంటీమీటర్ల ఎత్తు, దాదాపు లీటరు మట్టి పడుతుంది. దాన్ని నేలలోకి కొట్టి, చుట్టూ తవ్వి తీసి, రెండు కొసలా కత్తితో చదును చేసి, లోపలి మట్టిని 105 డిగ్రీల దగ్గర ఒక రోజంతా ఆరబెట్టి తూస్తారు. వెయ్యి ఘనపు సెంటీమీటర్ల మట్టి ఎండాక 1,350 గ్రాములు తూగితే సాంద్రత 1.35. రోడ్డు వేసేవాళ్లు ఆ అంకె పెరగాలని చూస్తారు, సేద్యగాడు తగ్గాలని చూస్తాడు. అమెరికా వ్యవసాయ శాఖ పట్టిక ప్రకారం బంకమట్టిలో 1.1 లోపు ఉంటే వేళ్లకు మేలు, 1.47 దాటితే వేళ్లకు దారి మూసుకుపోతుంది. ఇసుక నేలలో ఆ హద్దు 1.8 దాకా పోతుంది.

రెండో సాధనం పెనెట్రోమీటర్. కొసన 30 డిగ్రీల ఉక్కు శంకువున్న కడ్డీని ఒకే వేగంతో నేలలోకి నొక్కితే ఎంత ఎదురొత్తుతోందో ముల్లు చూపిస్తుంది. 2 మెగాపాస్కల్స్, అంటే చదరపు సెంటీమీటరుకు 20 కిలోల ఒత్తిడి దాటితే చాలా పంటల వేళ్లు ముందుకు సాగలేవు. గడ్డపార దింపి చూసే పెద్దవాళ్లకు ఈ సంగతి చేతికి తెలుసు. అయితే ఆ చేతి తీర్పును రాసిపెట్టలేం, వచ్చే ఏడాది కొలతతో పోల్చలేం.

ఇక్కడే అందరూ బోల్తాపడే చోటు ఒకటుంది. మార్చిలో ఎండిన రేగడిలో కడ్డీ దిగదు. అక్టోబరులో వాన పడిన నాలుగో రోజు అదే చోట సులువుగా దిగుతుంది. నేల మారలేదు, తేమ మారింది. అందుకని తేమ రాయని ఏ అంకెనూ ఈ రైతులు ఒప్పుకోరు. కొలతలన్నీ మంచి వాన తర్వాత, నీళ్లు ఇంకి పదును వచ్చాకే తీస్తారు. ప్రతి పొలంలో చక్రం నడిచిన జాడలో, జాడకూ జాడకూ మధ్యన, చక్రం ఎన్నడూ ఎక్కని గట్టు వారన, మూడు చోట్లా 15, 30, 45 సెంటీమీటర్ల లోతుల్లో చూస్తారు. యంత్రం దిగకముందు ఒకసారి, దిగాక ఒకసారి, ఏడాది తిరిగాక మళ్లీ అదే తేమలో ఒకసారి. నెర్రెలిచ్చిన నేలలో కోర్ కట్టర్ పెట్టరు. నెర్రె తప్పించి పెళ్లలో దించితే నేల ఉన్నదానికన్నా గట్టిగా కనిపిస్తుంది.

రేగడికి తనను తాను బాగుచేసుకునే గుణం ఉంది. వానకు ఉబ్బి, ఎండకు ముడుచుకుని, వేసవిలో లోతైన నెర్రెలిచ్చి, అణిగిన పొరను తానే చీల్చుకుంటుంది. దీన్ని నమ్ముకుని నిశ్చింతగా ఉండేవాళ్లు చాలామంది. మెట్ట చేనులో కొంతవరకు నిజమే. కాలవ కింద నేల ఎండేదెప్పుడు, డ్రిప్పు కింద తోట మొదళ్లు ఎండేదెప్పుడు? పైగా నెర్రెల బలమంతా పైపొరలోనే ఎక్కువ. ఇరుసు బరువు పెరిగేకొద్దీ ఒత్తిడి లోతుకు పోతుంది. స్వీడన్‌లో ఇంగే హోకాన్సన్ మొదలైనవాళ్లు ఇరుసుకు 10 టన్నుల బరువుతో చేసిన ప్రయోగాల్లో 40 సెంటీమీటర్ల కింద అణిగిన పొర ఏళ్ల తరబడి విప్పుకోలేదు. అక్కడ శీతాకాలంలో నేల గడ్డకట్టి కరుగుతున్నా సరే.

తప్పు ఎవరి మీద పెట్టాలన్న దగ్గర ఈ ప్రణాళిక వాడుక మాటను ఒప్పుకోదు. శనగ కోతమిషన్‌నే అందరూ తిడతారు. నంద్యాల పరిశోధన స్థానం నుంచి వచ్చిన నిటారు రకం ధీర, అంటే ఎన్‌బీఈజీ 47, యంత్రపు కోతకు అనువైనదే. కానీ శనగ కోసేది ఫిబ్రవరి, మార్చి నెలల్లో. అప్పటికి నేల ఎండి, బరువును మోయగలదు. అసలు దెబ్బ అక్టోబరు, నవంబరుల్లో తగులుతుంది. ఈశాన్య వానలు ఆగీ ఆగకముందే అదును పోతుందని తడి నేలలోకి ట్రాక్టరు దింపుతారు. కాలవ కింద వరికోత వేళ వాన పడితే ఇంకా ఘోరం. బురదలో కోతమిషన్, దాని వెనక ధాన్యం నింపుకునే ట్రాలీ, రెండూ పొలమంతా కలయదిరుగుతాయి. జిల్లాలో ఏడాదికి కురిసేదే 700 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. ఆ కాస్త వాననూ జాడల వెంట వంకలోకి పంపేసి, తర్వాత బోరు లోతు పెంచుకోవడంలో అర్థం లేదు.

వరి మడి సంగతి వేరు. దమ్ము చేసి అడుగున గట్టి పొర కట్టేది నీళ్లు నిలవడానికే. వరి పెడుతున్నంత కాలం దాన్ని దోషంగా లెక్కించరు. అదే మడిలో మినుమో శనగో వేస్తే, ఆ పొర ఎంత లోతున ఉందో చూడకుండా విత్తనం వేయరు. సబ్‌సాయిలర్‌కు డబ్బు పెట్టేముందు కూడా ఇంతే. గట్టి పొర 20 సెంటీమీటర్ల దగ్గరుందా, 40 దగ్గరుందా తెలియకుండా లోతుదుక్కి చేయించడం గుడ్డిపని. విప్పిన నేల మీద తడిలో మళ్లీ చక్రం పోతే మునుపటికన్నా గట్టిగా కూరుకుంటుంది.

అందుకని ఈ రైతులు చక్రాలకు దారి గీస్తారు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ నల్లనేలల గోధుమ, జొన్న రైతులు యంత్రాలన్నిటినీ ఒకే కొలత బాటల మీద నడిపి, తొక్కుడును పొలంలో 15 నుంచి 20 శాతానికి కుదించారు. రెండెకరాల కయ్యలో అంత కచ్చితత్వం రాదు. అయినా ట్రాలీని గట్టు మీదే నిలపడం, గొర్రు నడిచిన జాడలోనే పిచికారీ ట్రాక్టరునూ నడపడం ఎవరికైనా చేతనవుతుంది. చీనీ తోటల్లో వరుసకొక దారి ఎలాగూ ఉంటుంది. అక్కడ కొలవాల్సింది ఆ దారి ఏటేటా చెట్టు వేళ్ల వైపు ఎంత జరుగుతోందన్నది. కోతమిషన్ బాడుగ గంటల లెక్కన ఉన్నంతకాలం డ్రైవరు అడ్డదారి వెతుకుతాడు. అది అతని తప్పు కాదు. దారి తప్పకుండా నడిపినందుకు పట్టే అదనపు సమయానికి బాడుగ రైతే ఇస్తాడు.

ప్రభుత్వాన్ని అడిగేవి రెండు. కార్డులో సాంద్రతకు, దాన్ని కొలిచిన రోజు తేమకు గడి ఉండాలి. ఊటుకూరు కృషి విజ్ఞాన కేంద్రంలోనూ, ప్రొద్దుటూరు ఇంజనీరింగ్ కళాశాల మట్టి ప్రయోగశాలలోనూ రైతు తెచ్చిన కోర్ కట్టర్ మట్టిని ఆరబెట్టి తూచి ఇచ్చే ఏర్పాటు జరగాలి.

ఒక్క విషయంలో ఏకాభిప్రాయం కుదరలేదు. కౌలుకు చేసేవాడు ఏడాదికే ఒప్పందం రాసుకుంటాడు. వచ్చే ఏడాది తనది కాని నేల కోసం అతను నాలుగు రోజులు ఆగి అదును ఎందుకు పోగొట్టుకోవాలి? కౌలు మొదట్లో ఒక కొలత, చివర్లో ఒక కొలత తీసి, నేల చెడకుండా అప్పగించినవాడికి కౌలు కొంత తగ్గించాలని కొందరి వాదన. భూమి యజమానుల్లో సగంమంది దీనికి తల ఊపలేదు. ఈ అంశాన్ని ఖాళీగా ఉంచి, శనగ విత్తు ముందు తీసే మొదటి కొలతలు చేతికొచ్చాక మళ్లీ చర్చకు పెడతారు.