ఎక్కడికీ వెళ్లని సైకిలు

మన పిట్టలవానిపాలెం ప్రాంతంలో సైకిలు ఒకనాడు బ్రతుకుతెరువు. పాల క్యానో, బట్టల మూటో, చేపల బుట్టో వెనుక కట్టుకొని, కాలువ గట్ల వెంట ఊరూరా తిరిగి, మగ్‌రిబ్ వేళకు ఇల్లు చేరేవారు మన పెద్దలు. వ్యాయామమనే మాట వారికి తెలియదు, దాని అవసరమూ వారికి కలగలేదు. నేడు ఆ స్థానాన్ని మోటారు సైకిలు ఆక్రమించింది. చక్కెర వ్యాధి అతిథిగా వచ్చి, అనేక గృహాలలో యజమానిగా స్థిరపడింది.

ఇటీవల అసర్ నమాజు తరువాత ఒక మిత్రుని ఇంటికి వెళ్లాను. హాలులో ఒక మూల వ్యాయామ సైకిలు కనిపించింది. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న కుమారుడు పంపాడట. దాని హ్యాండిల్ మీద తువ్వాళ్లు, సీటు మీద ఇస్త్రీ చేయవలసిన దుస్తులు ఉన్నాయి.

"మొదట్లో రోజూ గంటసేపు తొక్కాను హజ్రత్. మావాడు తాను తొక్కిన లెక్క ఫోనులో పంపేవాడు. వాడికి సమానంగా రావాలని నాబు బాగా బిగించి తొక్కాను. పదో రోజుకు మోకాలు పట్టేసింది. అంతే, దిగిపోయాను" అన్నాడు మిత్రుడు.

అప్పుడు తెర వెనుక నుండి ఆయన శ్రీమతి స్వరం వినిపించింది. "నా చక్కెర వీరికంటే ఎక్కువ హజ్రత్. డాక్టరుగారు నడవమన్నారు. రోడ్డు మీద నడవాలంటే నాకు మొహమాటం. ఈ సైకిలు వీరి కోసం వచ్చింది కదా అని నేనెన్నడూ ఎక్కలేదు."

మిత్రుడు తల వంచుకున్నాడు. ఇంటికి తిరిగి వస్తూ నేను ఆయన తప్పును గురించి ఆలోచించలేదు. ప్రతి సాయంకాలం నేను కాలువ గట్టు మీద నడిచి వస్తాను. ఇన్నేళ్ల సంసారంలో నా భార్య ఎప్పుడు నడుస్తుంది, ఎక్కడ నడుస్తుంది అని ఒక్కసారైనా అడిగానా? అడగలేదు.

ఆ ఇంట రెండు పొరపాట్లు జరిగాయి. శక్తికి మించి మీద వేసుకోవడం ఒకటి, పక్కనున్న మనిషి హక్కును మరచిపోవడం మరొకటి. మొదటిదానిని సరిదిద్దుకోవాలంటే ఆ యంత్రం పనితీరు కొంత తెలియాలి.

ఈ సైకిలు కొత్త వింత ఏమీ కాదు. డెన్మార్కుకు చెందిన శరీరధర్మ శాస్త్రవేత్త ఆగస్ట్ క్రోగ్ 1913లోనే విద్యుదయస్కాంత బ్రేకుతో పనిచేసే కొలత సైకిలును నిర్మించారు. మనిషి ఎంత పని చేస్తే ఎంత ప్రాణవాయువు వినియోగమవుతుందో కొలవడానికి అటువంటి యంత్రాలు తోడ్పడ్డాయి. నేడు మన ఇళ్లలోని అనేక యంత్రాలలో చక్రాన్ని నిలువరించేది కూడా అయస్కాంతమే.

ఇందులో తెలుసుకోవలసిన మాటలు మూడు. మొదటిది శక్తి. దీనిని వాట్లలో కొలుస్తారు. పెడలు మీద మనం మోపే బలం, దానిని తిప్పే వేగం కలిస్తే శక్తి అవుతుంది. పోటీలలో ఆరితేరినవారు గంటసేపు 400 వాట్ల దరిదాపులలో తొక్కగలరు. అలవాటు లేనివారికి 50 వాట్లకే చెమట పట్టవచ్చు. ఇందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. చవక యంత్రాలు చూపే వాట్లు, కేలరీలు ఉజ్జాయింపు లెక్కలే. కనుక వాటిని ఇతరుల అంకెలతో గాక, అదే యంత్రం మీద మన నిన్నటి అంకెతో పోల్చుకోవాలి.

రెండవది కేడెన్స్, అనగా నిమిషానికి పెడలు తిరిగే చుట్ల సంఖ్య. 50 చుట్లతో 100 వాట్లు రావాలంటే, 100 చుట్లతో తొక్కేవానికంటే రెండింతల బలం మోపాలి. ఆ భారం మోకాలు మీద పడుతుంది. మిత్రునికి జరిగినది ఇదే. కొత్తవారు నాబును వదులుగా ఉంచి, నిమిషానికి 60 నుండి 80 చుట్లు తిప్పడం మేలు. పెడలు కింది అంచుకు చేరినప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉండేలా సీటు ఎత్తును సరిచేసుకోవాలి.

మూడవది ఇంటర్వెల్, అనగా కొంతసేపు గట్టిగా, కొంతసేపు నెమ్మదిగా తొక్కే పద్ధతి. జపాన్ పరిశోధకులు తబాతా ఇజుమి, ఆయన సహచరులు 1996లో ప్రచురించిన అధ్యయనం దీనికి గొప్ప ప్రచారం తెచ్చింది. 20 సెకన్లు పూర్తి శక్తితో తొక్కడం, 10 సెకన్లు విశ్రమించడం, ఇలా ఏడెనిమిది పర్యాయాలు. అంతా కలిపి 4 నిమిషాలే. అయితే అందులో పాల్గొన్నవారు శరీర దారుఢ్యం గల యువకులు. యాభై దాటిన చక్కెర రోగి దానిని అనుకరించడం వివేకం కాదు.

మన వంటివారికి తగిన క్రమం ఇది. తొలి వారాలలో రోజుకు 10 నిమిషాలు, మాట్లాడగలిగినంత తేలికగా తొక్కాలి. క్రమంగా 30 నిమిషాలకు పెంచాలి. అప్పుడు వైద్యుని అనుమతితో, వారానికి రెండు రోజులు, ఒక నిమిషం కొంచెం గట్టిగా, రెండు నిమిషాలు తేలికగా, ఇలా ఐదారు పర్యాయాలు చేయవచ్చు. ముందు, వెనుక 5 నిమిషాలు నెమ్మదిగా తొక్కడం మరువరాదు. పెద్దలకు వారానికి 150 నుండి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. పనిచేసే కండరం ఇన్సులిన్ సాయం అంతగా లేకుండానే రక్తంలోని చక్కెరను లోపలికి తీసుకోగలదు. చక్కెర రోగికి ఇదెంతటి వరమో చూడండి!

ఇన్సులిన్, చక్కెరను బాగా తగ్గించే మాత్రలు వాడేవారు ఖర్జూరమో పంచదారో దగ్గర ఉంచుకోవాలి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం వంటివి కలిగితే వెంటనే ఆపి వైద్యుని సంప్రదించాలి. రమజానులో ఉపవాస వేళ శ్రమపడకుండా, ఇఫ్తార్ తరువాత తేలికగా తొక్కడం మంచిది.

ఇక రెండవ పొరపాటు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ప్రతి దినం ఉపవాసం, ప్రతి రాత్రి నమాజు అని పూనుకొన్నప్పుడు దైవప్రవక్త (స) ఆయనను వారించారు. దేహానికీ, కళ్లకూ, భార్యకూ ఆయనపై హక్కులున్నాయని బోధించారు. ఈ ఉల్లేఖనం సహీహ్ బుఖారీలో ఉంది. వృద్ధాప్యంలో ఆయన, ప్రవక్త (స) ఇచ్చిన సడలింపును ఆనాడే స్వీకరించి ఉంటే ఎంత బాగుండేదని అనుకునేవారు. మేము మద్రసాలో ఈ హదీసును మితం గురించి బోధిస్తాము. కాని దేహపు హక్కు, భార్య హక్కు ఒకే బోధలో పక్కపక్కన నిలిచాయన్న సంగతి ఆ సాయంత్రం దాకా నా మనసుకు తట్టలేదు.

ప్రవక్త (స) ఒక ప్రయాణంలో తోటివారిని ముందుకు సాగమని చెప్పి, హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేశారు. ఆ పందెంలో ఆమె గెలిచారు. తరువాతి కాలంలో మరో పందెంలో ఆయన (స) గెలిచి, అది దీనికి బదులని నవ్వారు. అక్కడ భార్య మర్యాదకు భంగం లేదు, ఆమె పరుగుకు అడ్డూ లేదు. మనం మర్యాద పేరిట ఆమెను వంటగదికి పరిమితం చేసి, ఆ ఏకాంతాన్ని మాత్రం ఏర్పాటు చేయడం లేదు. ఇంట్లోని సైకిలుకు రోడ్డు అక్కరలేదు, చూసేవారుండరు. అరగంట సేపు గదిని, పొయ్యి దగ్గరి పనిని ఆమె చేతుల నుండి మనం అందుకుంటే చాలు.

గత జుమా రోజున మిత్రుడు మసీదు వద్ద కలిశాడు. తువ్వాళ్లు తీసివేశారట. "సీటు రెండు రంధ్రాలు కిందికి దించాము హజ్రత్, ఆమె ఎత్తుకు. నా వంతు వచ్చినప్పుడు మళ్లీ పైకి జరుపుకుంటున్నాను" అన్నాడు.

మా ఇంట సైకిలు లేదు. ఫజ్ర్ తరువాత మేమిద్దరం మేడ మీద నడుస్తున్నాము. నాకంటే ఆమె నడకే చురుకు.

అల్లాహ్ మన దేహాలనే అమానతును కాపాడుకునే, మన వారి హక్కులను నెరవేర్చే భాగ్యాన్ని మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.